దొంగ ప్రింట్ దెబ్బ ఎవరికి తగులుతుంది (తిరుపతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తా ఉందా? ఫ్యాన్ కొంచెం తగ్గించండి బాబూ, గాలికి మైకు కొట్టుకుంటా ఉంది. ఆ, ఇప్పుడు బాగుంది.

మొదలుపెట్టే ముందు ఒకటి అడుగుతా. పోయిన రెండు మూడు నెలల్లో ఏదన్నా కొత్త సినిమాని థియేటర్లో కాకుండా, డబ్బులు కట్టిన ఓటీటీలో కూడా కాకుండా, ఎవరో పంపించిన లింకులోనో టెలిగ్రామ్ లోనో చూసినోళ్ళు చేతులెత్తండి. ఒక్క చెయ్యి కూడా లేదే. సరే, ముందు వరసలో మీ సార్లు కూర్చోనుండారు, మొహమాటం ఉంటుంది. నేను ఎత్తుతా. చూసినా నేను, ఒకసారి కాదు చానా సార్లు చూసినా, ఆ సంగతి చివర్లో చెప్తా. ఇప్పుడు ఎత్తండి.

(సభలో చాలా చేతులు లేచాయి)

చూడండి, ఇంతమంది. వీళ్ళంతా దొంగలు అని నేను అనను. ఏమీ కాలేదులే అని కూడా అనను. ఈ రెండిటికీ మధ్యలో ఏముందో అది మాట్లాడుకోవడానికే వచ్చినా.

2025 నవంబర్లో ఐబొమ్మ అనే దొంగ సినిమాల సైటు నడిపినాడని ఒకాయన్ని హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు కదా. ఆ వారమంతా నేను యాడికి పోయినా అదే మాట. టౌన్ క్లబ్ దగ్గర టీ తాగతా ఉంటే ఒకాయన అంటాడు, "ఆయన చేసిన తప్పేంది సామీ, టికెట్టు కొనలేనోళ్ళకి సినిమా చూపించినాడు" అని. పక్కనున్నాయన "ఏం మాట్లాడతావన్నా, ఇండస్ట్రీని నిలువునా ముంచేసినాడు" అంటాడు. ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు, ఒకరి మాట ఒకరు వినలేదు, టీ అయిపోయింది, పోయినారు. నాకు అక్కడే నిలబడి చెప్పాలనిపించింది, అన్నా నీ మాటలో సగం నిజం, నీ మాటలో సగం నిజం, కానీ మీరిద్దరూ వదిలేసిన మనిషి ఒకడు ఉండాడు అని. ఆ మనిషి హీరో కాదు, హైదరాబాద్ లో ఉండే నిర్మాత కూడా కాదు, మన ఊర్లోనే ఉంటాడు. ఆయన దగ్గరికి వస్తా.

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తా. కానీ ఈ విషయం నాకు పుస్తకాల్లో నుంచి రాలేదు, మా నాయన నుంచి వచ్చింది. మా నాయన సినిమా హాల్లో ఆపరేటరు. పుత్తూరు పక్కన ఒక ఊర్లో హాలు, ఇప్పుడది కల్యాణ మండపం అయిపోయింది. రెండు కార్బన్ కడ్డీల మధ్యన మంట పుట్టించి ఆ వెలుగులో బొమ్మ వేసేవాళ్ళు, క్యాబిన్లో ఎండాకాలం అయితే బనీను పిండితే నీళ్ళు కారేవి. నేను స్కూలు వదిలినాక అక్కడే కూర్చుని హోంవర్క్ చేసుకునేవాణ్ణి.

ఈ తరం పిల్లోళ్ళకి తెలియనిది ఒకటుంది, అప్పట్లో సినిమా రిలీజ్ అంటే అన్ని ఊర్లలో ఒకే రోజు కాదు. ప్రింట్లు తక్కువ, ప్రింటు వేయాలంటే ఖర్చు. ఏ సెంటర్ అని తిరుపతి, చిత్తూరు లాంటి టౌన్లలో ముందు ఆడేది, గ్రూప్ థియేటర్స్ లో జనం తిరనాల మాదిరి ఉండేవాళ్ళు, అక్కడ ఆడి ఆడి కలెక్షన్ తగ్గినాక బీ సెంటర్, ఆ తర్వాత ఎప్పటికో మా సీ సెంటర్. మా ఊరికి వచ్చేసరికి నెలలు గడిచేవి. రేకుల పెట్టెలో రీళ్ళు పెట్టి బస్సు టాప్ మీద వేసి పంపేవాళ్ళు, దాన్ని బాక్సు అంటారు. బాక్సు రాకపోతే షో లేదు, జనం గేటు దగ్గర గోల. వచ్చిన ప్రింటు కూడా గీతలు పడి, అతుకులు పడి, అక్కడక్కడా మాట ఎగిరిపోయి ఉండేది. అయినా చూసేవాళ్ళం, ఎందుకంటే ఇంకో దారి లేదు.

ఇంకొకటి. అప్పుడప్పుడు ఒకే ప్రింటుతో రెండు హాళ్ళు నడిపేవాళ్ళు. వెయ్యి అడుగుల రీలు అంటే పదకొండు నిమిషాలు. ఇక్కడ ఒక రీలు అయిపోతానే దాన్ని సైకిల్ మీద పిల్లోడు పక్క హాలుకి ఎత్తుకొని పోయేవాడు, అక్కడ షో అరగంట ఆలస్యంగా మొదలయ్యేది. ఇప్పుడు టొరెంట్ అనేది ఏందని నన్ను అడిగితే నేను ఆ సైకిల్ పిల్లోణ్ణే చెప్తా. 2001లో బ్రామ్ కోహెన్ అనే ఆయన బిట్‌టొరెంట్ చేసినాడు, దాని కిటుకు ఇదే, పెద్ద ఫైలుని ముక్కలు ముక్కలు చేస్తారు, నీకు వచ్చిన ముక్క నువ్వు ఇంకొకరికి ఇస్తావు, వాళ్ళ దగ్గరున్న ముక్క నీకిస్తారు. తేడా ఏందంటే మా పిల్లోడు ఒక హాలుకే పోతాడు, ఇక్కడ చూసే ప్రతి ఒక్కడూ సైకిల్ పిల్లోడే, అందరూ ఒకేసారి తొక్కుతా ఉంటారు. అందుకే దాన్ని ఆపడం అంత కష్టం. ద పైరేట్ బే అని స్వీడన్ వాళ్ళ టొరెంట్ సైటు, 2006లో పోలీసులు సర్వర్లన్నీ ఎత్తుకొని పోయినారు, మూడు రోజుల్లో మళ్ళా లేచింది, 2009లో నలుగురికి కోర్టు ఏడాది జైలు వేసింది, అయినా సైటు ఉంది. మన దగ్గర కూడా అంతే కదా, ఒకదాన్ని బ్లాక్ చేస్తే చివర అక్షరాలు మార్చుకొని ఇంకోటి వస్తుంది.

సరే, అసలు విషయానికి వద్దాం. నష్టం నష్టం అంటారు, ఆ నష్టం లెక్క ఎట్ల వేస్తారు? చానా సార్లు ఎట్ల వేస్తారంటే, ఇంతమంది డౌన్‌లోడ్ చేసినారు, టికెట్టు ఇంత, రెండూ గుణించేసి ఇన్ని వందల కోట్లు పోయినాయి అని టీవీలో చెప్పేస్తారు. ఈ లెక్క తప్పు. గట్టిగా చెప్తా ఉండా, తప్పు. మా క్లాసులో ఒక పిల్లోడు ఉండాడు, రోజుకి ఒక సినిమా చూస్తాడు, ఫోన్లోనే. నెలకి ముప్పై సినిమాలు. వానికి ఆ ఫైళ్ళు దొరక్కపోతే నెలకి ముప్పై టికెట్లు కొంటాడా? వాళ్ళమ్మ మిషన్ కుట్టి వానికి బస్ పాస్ కట్టిస్తా ఉంది. వాడు చూసిన ముప్పైలో బహుశా ఒకటో రెండో టికెట్లు పోయుంటాయి, మిగిలినవి ఎప్పుడూ ఎవరి జేబులోకీ వచ్చే డబ్బు కాదు. రాని డబ్బుని పోయిన డబ్బు అని రాసుకోకూడదు.

ఈ తప్పులు హాలీవుడ్ వాళ్ళు కూడా చేసినారు. అమెరికాలో స్టూడియోల సంఘం 2005లో ఒక స్టడీ చేయించి, దేశంలో పైరసీ నష్టంలో 44 శాతం కాలేజీ పిల్లోళ్ళ వల్లనే అని ఊరంతా చెప్పింది, చట్టాలు తెమ్మని ఒత్తిడి చేసింది. 2008లో వాళ్ళే లెక్కలో తప్పు జరిగింది, అది 15 శాతం అని ఒప్పుకున్నారు. అంతకుముందు 1982లో వీసీఆర్ వచ్చినప్పుడు ఇదే సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటీ చట్టసభ ముందుకి పోయి, ఈ మిషను వస్తే సినిమా పరిశ్రమ బతకదు అన్నట్టు మాట్లాడినాడు. ఆ తర్వాత అదే వీడియో క్యాసెట్ల మీద స్టూడియోలు ఎంత సంపాదించినాయో లెక్కే లేదు. కాబట్టి పెద్దోళ్ళు అయ్యో అన్నప్పుడల్లా మనం కూడా అయ్యో అనాల్సిన పని లేదు, లెక్క చూపించండి అని అడగాలి.

కానీ ఇక్కడితో ఆగిపోయి "చూసినావా, నష్టం ఏం లేదు" అనేవాళ్ళు ఉండారు, నాకు వాళ్ళతో కూడా పేచీ ఉంది.

లెక్కలు నిజాయితీగా వేసినోళ్ళు ఏం చెప్పినారో చూద్దాం. ముందు పాటలు. 1999లో నాప్‌స్టర్ వచ్చింది, పాటలు ఒకరికొకరు పంచుకోవడం మొదలైంది. ఓబర్‌హోల్జర్-గీ, స్ట్రంఫ్ అని ఇద్దరు ప్రొఫెసర్లు ఒక తెలివైన పని చేసినారు. అమెరికా వాళ్ళు డౌన్‌లోడ్ చేసుకునే పాటల్లో కొంత భాగం జర్మనీ వాళ్ళ కంప్యూటర్ల నుంచి వస్తాయి, జర్మనీలో స్కూళ్ళకి సెలవులిస్తే పిల్లోళ్ళు ఇంట్లో ఉంటారు, పంచుకునేది జాస్తి అవుతుంది. సరే, జర్మనీ సెలవులప్పుడు అమెరికాలో ఆల్బమ్ అమ్మకాలు తగ్గినాయా అని చూసినారు. 2007లో అచ్చయింది ఆ పేపర్. తగ్గినట్టు కనపడలేదు, సున్నాకి దగ్గర అని తేల్చినారు. దాని మీద పెద్ద గొడవే జరిగింది, వేరే వాళ్ళు చానామంది లేదు లేదు నష్టం ఉంది అని వాళ్ళ లెక్కలు వాళ్ళు చూపించినారు.

కానీ పాట వేరు, సినిమా వేరు. పాట వందసార్లు వింటావు, నచ్చితే కొంటావు. సినిమా ఒకసారి చూసినాక మళ్ళా టికెట్టు కొనేది ఎంతమంది, పిచ్చి అభిమానులు తప్ప. అందుకని సినిమా మీద చేసిన లెక్కలే చూడాలి.

డనహర్, వాల్డ్‌ఫోగెల్ అని ఇద్దరు చూసింది నాకు చానా ఇష్టం, ఎందుకంటే అది మా నాయన బాక్సు కథే. హాలీవుడ్ సినిమా అమెరికాలో ముందు రిలీజ్ అవుతుంది, వేరే దేశాలకి కొన్ని వారాలు ఆగి పోతుంది. ఆ మధ్యలో ఫైలు వచ్చేస్తుంది. వాళ్ళు ఏం చూసినారంటే, టొరెంట్ వచ్చినాక, ఎంత ఆలస్యంగా రిలీజ్ అయితే ఆ దేశంలో కలెక్షన్ అంత ఎక్కువ పడిపోయింది, మొత్తం మీద బయటి దేశాల్లో కనీసం 7 శాతం పోయింది అని. మరి అమెరికాలో? అక్కడ సినిమా ముందే హాల్లో ఉంది కదా, అక్కడ చెప్పుకోదగ్గ నష్టం కనపడలేదు. అర్థమైందా? ఫైలు ఒకటే, దెబ్బ ఒకటి కాదు. హాల్లో సినిమా దొరికే చోట దెబ్బ చిన్నది, హాలుకి సినిమా రాకముందే ఫైలు వచ్చిన చోట దెబ్బ పెద్దది. మా ఊరి సీ సెంటర్ ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఉండుంటే ఒక్క వారం కూడా నడిచేది కాదు.

ఇంకో స్టడీ 2014లో వచ్చింది, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళది. ఆ స్టడీ చేసిన అక్కడి రీసెర్చ్ సెంటర్ కి స్టూడియోల సంఘం డబ్బులిచ్చింది, ఆ మాట కూడా చెప్పాలి, దాచిపెడితే న్యాయం కాదు. వాళ్ళు చెప్పింది, సినిమా రిలీజ్ కాకముందే ఫైలు బయటికి వస్తే, రిలీజ్ అయినాక వచ్చిన దానితో పోలిస్తే కలెక్షన్ 19 శాతం తగ్గుతుంది అని. నూటికి పందొమ్మిది అంటే చిన్న మాట కాదు, సినిమా వ్యాపారంలో లాభానికీ నష్టానికీ మధ్య ఉండే సందు అంతకంటే ఇరుకు.

2012 జనవరిలో మెగా అప్‌లోడ్ అని, జనం ఫైళ్ళు పెట్టి పంచుకునే పెద్ద సైటుని అమెరికా మూసేసింది. అప్పుడు ఏమైందో రెండు గుంపులు వేరే వేరేగా చూసినాయి. ఒకళ్ళు ఆన్‌లైన్లో డబ్బులిచ్చి కొనుక్కునే, అద్దెకి తీసుకునే సినిమాల ఆదాయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర శాతం పెరిగింది అన్నారు. ఇంకొకళ్ళు థియేటర్ల కలెక్షన్ చూసినారు, అక్కడ విచిత్రం, పెద్ద సినిమాలకి మేలు జరిగింది గానీ చిన్న, మధ్యరకం సినిమాలకి కలెక్షన్ తగ్గింది. ఎందుకు? చిన్న సినిమాకి పబ్లిసిటీ ఉండదు, ఫైల్లో చూసినోడు పదిమందికి చెప్తే ఆ పదిమందిలో కొందరు హాలుకి పోతా ఉన్నారు. ఆ నోటిమాట ఆగిపోయింది అని వాళ్ళ వివరణ. నేను దీన్ని మొత్తంగా నమ్మను, తెలుగులో చిన్న సినిమా మూడో రోజుకే హాల్లో ఉండదు, నోటిమాట పాకే టైం యాడుంది? కానీ కొట్టిపారెయ్యను కూడా.

యూరోప్ వాళ్ళు కూడా ఒక పెద్ద స్టడీ చేయించినారు, 2015లోనే రాసిచ్చినా బయటికి వచ్చింది 2017లో. పాటలకి, పుస్తకాలకి, గేమ్ లకి నష్టం అని గట్టి ఆధారం దొరకలేదు అన్నారు. ఒక్కదానికి మాత్రం దొరికింది, కొత్తగా వచ్చిన పెద్ద సినిమాలకి. పదిమంది దొంగగా చూస్తే నాలుగు సార్లు సరిగ్గా చూడాల్సింది పోయింది అని. పదికి పది కాదు, సున్నా కాదు, నాలుగు. టీ అంగడి దగ్గర అరుచుకున్న ఇద్దరికీ నేను ఇవ్వాలనుకున్నది ఈ నాలుగునే.

ఇప్పుడు మీలో ఒకరు అడగతారు, మరి అత్తారింటికి దారేది సంగతి ఏంది సార్ అని. అడగాల్సిందే. 2013 సెప్టెంబర్. మన తిరుపతిలో అప్పుడు ఎట్ల ఉండిందో మీ ఇండ్లలో పెద్దోళ్ళని అడగండి, సమైక్యాంధ్ర ఉద్యమం, బస్సులు లేవు, ఆఫీసులు లేవు, రోజూ రోడ్ల మీద వంటావార్పు. సినిమా రెడీగా ఉండి కూడా రిలీజ్ చేయలేక వాయిదా వేసుకుంటా వచ్చినారు. ఆ మధ్యలో సుమారు గంటన్నర బొమ్మ బయటికి వచ్చేసింది. హాల్లో కెమెరా పెట్టి తీసింది కాదు, సినిమా ఇంకా హాలుకే రాలేదు కదా. అక్టోబర్ 9 అనుకున్న రిలీజ్ ని సెప్టెంబర్ 27కి ముందుకి లాగినారు. సినిమా పెద్ద హిట్టు. అప్పటినుంచి ఏ లీక్ జరిగినా "దానికేం కాలేదు కదా" అంటారు.

దానికేం కాలేదు నిజమే. కానీ ఎందుకు కాలేదో చూడండి. బయటికి వచ్చింది సగం, మిగతా సగం కోసం హాలుకే పోవాలి. హీరో పవన్ కల్యాణ్, ఆ అభిమానం గురించి తిరుపతిలో నేను చెప్పాల్సిన పని లేదు. లీక్ అయిందని కోపంతో జనం హాలుకి కదిలినారు, లీక్ చేసినోళ్ళని పోలీసులు రోజుల్లో పట్టుకున్నారు, నిర్మాతలు రిలీజ్ ముందుకి జరిపి ఫైలుకి టైం ఇవ్వలేదు. ఇవన్నీ ఒక చిన్న సినిమాకి దొరుకుతాయా? 2018లో టాక్సీవాలా కూడా రిలీజ్ కి ముందే లీక్ అయి హిట్ అయింది, అది కూడా చెప్తారు. నిలబడిన రెండిటిని చూపించి అన్నీ నిలబడతాయి అంటే ఎట్ల? లీక్ అయి పడిపోయిన సినిమా పేరు మనకి గుర్తుండదు, పడిపోయింది కాబట్టే గుర్తుండదు.

ఇప్పుడు ఆ మనిషి దగ్గరికి వస్తా, మన ఊర్లో ఉంటాడని చెప్పినానే.

సినిమా వ్యాపారంలో మనల్ని సీడెడ్ అంటారు. రాయలసీమ మొత్తం ఒక ఏరియా, నైజాం ఒకటి, ఉత్తరాంధ్ర ఒకటి, అట్ల. నిర్మాత సినిమాని ఏరియాల వారీగా అమ్ముతాడు. పెద్ద సినిమా అయితే ఎంజీ, అంటే మినిమమ్ గ్యారంటీ, కలెక్షన్ వచ్చినా రాకపోయినా బయ్యర్ ఇంత డబ్బు ముందే కట్టేయాలి. బయ్యర్ ఒక్కడి దగ్గర అంత ఉండదు, ఆయన కింద జిల్లాకి ఒకరు, టౌన్ కి ఒకరు వాటాలేసుకుంటారు, హాలు వాళ్ళ దగ్గర అడ్వాన్సులు తీసుకుంటారు, వడ్డీకి తెస్తారు. సినిమా హిట్టా ఫట్టా అనేది తెలిసేలోపే నిర్మాతకి చానావరకు డబ్బు ముట్టిపోయుంటుంది, ఓటీటీ డబ్బు, శాటిలైట్ డబ్బు, ఆడియో డబ్బు వేరే. హీరో పారితోషికం ఎప్పుడో అయిపోయింది. మరి మొదటి వారం హాలు ఖాళీ అయితే ఎవరి తల మీద పడుతుంది? బయ్యర్ మీద, ఆయన కింద వాటా వేసినోడి మీద, సింగిల్ స్క్రీన్ లీజుకి తీసుకున్నోడి మీద.

పైరసీ వ్యతిరేకంగా మీటింగ్ పెడితే స్టేజ్ మీద హీరోలు, నిర్మాతలు ఉంటారు. జనం వాళ్ళ కార్లు చూసి, వీళ్ళకేం నష్టం అనుకుంటారు. ఆ అనుకోవడంలో న్యాయం ఉంది. కానీ స్టేజ్ మీద కూర్చోబెట్టాల్సింది మదనపల్లిలోనో, పలమనేరులోనో హాలు లీజుకి తీసుకుని, కరెంటు బిల్లు డిమాండ్ చార్జీలు కట్టలేక, డిజిటల్ ప్రొజెక్టర్ కంపెనీకి వారం వారం చార్జీలు కట్టుకుంటా, శుక్రవారం ఎదురుచూసే మనిషిని. ఆయన దగ్గర పనిచేసే గేటు మనిషిని, సైకిల్ స్టాండ్ వాణ్ణి, ఇంటర్వెల్ లో సమోసాలు అమ్మే ఆమెని. ఆమెకి సినిమాలో వాటా లేదు, జనం వస్తే సమోసా అమ్ముడుపోతుంది, రాకపోతే నూనె దండగ. ఫైలు ఎంతమంది చూసినారో ఆమెకి తెలియదు, సాయంత్రం బుట్టలో ఎన్ని మిగిలినాయో తెలుసు.

మా నాయన హాలు పైరసీ వల్లనే మూతపడింది అని నేను చెప్పను, చెప్తే అబద్ధం. ముందు వీడియో పార్లర్లు వచ్చినాయి, ఆ తర్వాత కేబుల్ వాళ్ళు రాత్రి పదకొండుకి కొత్త సినిమా వేసేసేవాళ్ళు, ఆ తర్వాత సీడీలు. మా హాల్లో ఇరుకు సీట్లు, బాత్రూమ్ బాగాలేదు, ఓనర్ ఒక్క రూపాయి పెట్టలేదు, ఆడవాళ్ళు రావడం మానేసినారు. కానీ ఒక సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఆ రోజే బాక్సు వచ్చింది, పెద్ద హీరో సినిమా. నాయన రీళ్ళు అన్నీ తుడిచి, అతుకులు చూసుకొని రెడీగా పెట్టుకున్నాడు. ఫస్ట్ షోకి వచ్చినోళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ముందు రాత్రే కేబుల్లో అదే సినిమా వేసేసినారంట. నాయన షో ఆపలేదు. ఉన్నవాళ్ళకి మొత్తం వేసినాడు, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు.

రేటు సంగతి కూడా మాట్లాడాలి, లేకపోతే మీరు ఒప్పుకోరు. టికెట్టు రేటు తగ్గిస్తే పైరసీ పోతుంది అనేది చానామంది మాట. 2021 ఏప్రిల్లో మన రాష్ట్రంలో జీవో 35 ఇచ్చినారు, పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కింద క్లాస్ 5 రూపాయలు. ఐదు రూపాయలకి టీ కూడా రాదు. మరి దొంగ సైట్లు మూతపడినాయా? పడలేదు. హాలు వాళ్ళు మాత్రం గగ్గోలు పెట్టినారు, కొందరు తాళాలు వేసుకున్నారు, 2022 మార్చిలో మళ్ళా జీవో 13 ఇచ్చి రేట్లు సవరించినారు. కాబట్టి రేటు ఒక్కటే కారణం అనేది కరెక్ట్ కాదు, ఫైలు చూసేవాడు ఇంట్లో పడుకొని చూడొచ్చు అని కూడా చూస్తాడు.

అట్లని రేటుకి సంబంధం లేదా అంటే ఉంది. 2007లో మోజర్ బేర్ అనే కంపెనీ సినిమా వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి పెట్టింది. అప్పుడు ఫుట్‌పాత్ మీద దొంగ సీడీ కూడా దాదాపు అదే రేటు. గాంధీ రోడ్డులో అంగళ్ళలో జనం ఒరిజినల్ సీడీలు సంచుల్లో కొనుక్కొని పోయేది నేను కళ్ళారా చూసినా. బొమ్మ బాగుంటుంది, మధ్యలో ఆగదు, రేటు అంతే, ఇంక దొంగది ఎందుకు కొంటాడు? ఇప్పుడు మనోళ్ళు చేసేది దీనికి తలకిందులు. పెద్ద సినిమా వస్తే మొదటి పది రోజులు స్పెషల్ పర్మిషన్ తెచ్చుకుని రేటు పెంచుతారు. ఫైలు వచ్చేది ఎప్పుడు? ఆ మొదటి రోజే. అంటే ఏ రోజు ఫైలు జనాన్ని గట్టిగా లాగుతుందో అదే రోజు మనం టికెట్టు రేటు పెంచి వాళ్ళని అటు తోస్తా ఉన్నాము. నలుగురున్న ఇంటికి టికెట్లు, ఆటో, ఇంటర్వెల్ ఖర్చు, ఒక కూలీ మనిషి రెండు మూడు రోజుల కష్టం. వాళ్ళు ఆ రోజు రారు, వారం తర్వాత మామూలు రేటుకి వద్దామంటే అప్పటికి సినిమా హాల్లో ఉండదు.

ఓటీటీ గురించి రెండు మాటలు. "హాలుకి జనం రావట్లేదు, పైరసీ" అంటారు. వాళ్ళలో చానామంది పైరసీ చూడట్లేదు, నాలుగు వారాలు ఆగితే ఇంట్లో చట్టబద్ధంగానే వస్తుంది కదా అని కూర్చోనుండారు. ఈ సంగతి నిర్మాతలకి తెలుసు, 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ మాట్లాడుకున్నారు, పెద్ద సినిమాలు ఎనిమిది వారాల తర్వాతనే ఓటీటీకి అన్నారు, ఆ తర్వాత ఎన్ని సినిమాలు ఆ మాట మీద నిలబడినాయో మీరే చూసినారు. దాన్ని కూడా తెచ్చి పైరసీ ఖాతాలో వేయకూడదు.

ఇంకొక ముఖ్యమైంది. ఈ సైట్లు పేదోళ్ళ కోసం నడుస్తా ఉన్నాయనే మాట దయచేసి నమ్మొద్దు. ఐబొమ్మ కేసులో పోలీసులు చెప్పింది, డబ్బు బెట్టింగ్ యాప్ ల ప్రకటనల నుంచి వచ్చిందని. ఆ కేసు కోర్టులో ఏమవుతుందో అది వేరే. కానీ మీరే చూడండి, సినిమా నొక్కితే ముందు ఏం తెరుచుకుంటుంది? బెట్టింగ్. బెట్టింగ్ లో పడి అప్పులు చేసి, ఇంట్లో చెప్పుకోలేక నలిగిపోయిన పిల్లోళ్ళని మేము కాలేజీలో చూస్తా ఉన్నాము, ఆ అమ్మానాయనలు మా ముందుకొచ్చి ఏడుస్తా ఉంటే ఏం చెప్పాలో తెలియదు. ఒక టికెట్టు డబ్బు మిగిల్చి ఆ దారిలో నిలబెట్టినోణ్ణి దానకర్ణుడు అంటే నాకు కడుపు రగులుతుంది.

చట్టం ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించినారు, హాల్లో రికార్డు చేసినా, దాన్ని పంచినా మూడు నెలల నుంచి మూడేళ్ళు జైలు, జరిమానా 3 లక్షల నుంచి సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా. గట్టి చట్టమే. కానీ 2025 ఫిబ్రవరిలో తండేల్ రిలీజ్ అయిన కొద్ది రోజులకే ఆర్టీసీ బస్సులో దొంగ ప్రింట్ వేసినారు, గుర్తుందా? చట్టం పేపర్లో ఉంటే అది తప్పు అనే స్పృహ బస్సులో కూర్చున్న నలభై మందికీ ఉండాలి కదా.

(సభలోంచి ఒక విద్యార్థిని ప్రశ్న: "సార్, మీరు కూడా చూసినానని చెప్పినారు. అన్నీ తెలిసి ఎందుకు చూసినారు?")

మంచి ప్రశ్నమ్మా. నేను చూసినవి ఎక్కువ పాత సినిమాలు. మా నాయన ఆడించిన సినిమాల్లో కొన్ని యాడా దొరకవు, ఏ ఓటీటీలో లేవు, సీడీ కూడా రాలేదు, ఎవరో ఒకాయన టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేసి పెట్టుకున్నది పంచితే చూసినా. మన దేశంలో మూకీల కాలంలో తీసినవి చానావరకు పోయినాయి, ఎవరూ దాచలేదు. దాచాల్సినోళ్ళు దాచనప్పుడు, అమ్మాల్సినోళ్ళు అమ్మనప్పుడు, అభిమానులు పంచుకుని బతికించినది ఉంటే దాన్ని నేను దొంగతనం అనలేను. దాని వల్ల ఏ సమోసా ఆమెకీ నష్టం లేదు. కానీ కొత్తవి కూడా రెండు మూడు చూసినానమ్మా, బద్ధకంతో చూసినా. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు చూడట్లేదు.

(ఇంకో విద్యార్థి: "సార్, మేము ఫ్రెండ్సంతా కలిసి చిన్న సినిమా తీస్తా ఉన్నాం. లీక్ అయితే ఏం చేయాల?")

యాడ తీస్తా ఉన్నారు? చంద్రగిరిలోనా, బాగుంది. నేను చెప్పేది ఒకటే నాయనా, లీక్ లో పెద్ద దెబ్బ రిలీజ్ కి ముందు వచ్చేదే, కాబట్టి ఎడిటింగ్ కాపీ ఎంతమంది దగ్గర ఉందో రాసి పెట్టుకోండి. ఎవరికన్నా చూపించాలంటే లింకు పంపొద్దు, పక్కన కూర్చోబెట్టి చూపించండి. ప్రతి కాపీకి మూలన చిన్నగా ఎవరికిచ్చినామో ఆ పేరు పడేట్టు చేయండి, పెద్దోళ్ళు వాటర్‌మార్క్ అని హాలు హాలుకీ వేరే గుర్తు పెడతారు, అదే పని మీరు ఊరికే చేసుకోవచ్చు. ఫిల్మ్ చాంబర్ లో యాంటీ పైరసీ సెల్ ఉంది, రిలీజ్ కి ముందే పోయి మాట్లాడుకోండి, ఫైలు వచ్చినాక పరిగెత్తితే లాభం లేదు. ఇంకా ముఖ్యం, హాల్లో వేసే రోజు, ఆన్‌లైన్లో పెట్టే రోజు ముందే తేల్చుకోండి, మధ్యలో సినిమా యాడా దొరకని రోజులు పెట్టుకోవద్దు, ఆ ఖాళీలోనే వేరే వాడు దూరేది.

హాలు దొరకడం కష్టమైతే నాకు చెప్పు. మా నాయనతో పనిచేసినాయన కొడుకు ఒకరు ఇక్కడే హాలు చూసుకుంటా ఉండాడు, పొద్దున షో ఖాళీగా ఉంటుంది, అడిగి చూద్దాం. కిందకి దిగినాక నీ నంబర్ ఇచ్చి పో. సార్, నా టైం అయిపోయింది అనుకుంటా, తర్వాత మాట్లాడేవాళ్ళకి మైకు ఇచ్చేస్తా.